ఉపసంహారం లేని అస్త్రాలు

'యాప్' అనే మాటకు మంచి తెలుగు మాట చెప్పమని మా కళాశాలలో విద్యార్థులు ఏటా ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. 'అనువర్తనం' అన్నారు పెద్దలు. మాట బాగానే ఉంది గాని, అది కాగితం దిగి వీధిలోకి రాలేదు. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి గుడిలో పూజారిగారి దాకా అందరి నోటా యాప్ యాప్‌గానే స్థిరపడిపోయింది.

పేరు సంగతి ఎలా ఉన్నా, వస్తువు మాత్రం మన నట్టింట్లోకి వచ్చి కూర్చుంది. పాలవాడి లెక్క, పిల్లవాడి పాఠం, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా, అమ్మాయి పెళ్ళి సంబంధం - అన్నీ అందులోనే. ఇన్ని మంచి పనులకు ఉపయోగపడే వస్తువు చెడ్డపనికి కూడా ఉపయోగపడుతుందని వేరే చెప్పనక్కరలేదు. ఆ చెడ్డపని జరిగిననాడు మనం ఎవరిని నిలదీయాలి? యాప్ తయారుచేసినవాడినా? అంగట్లో పెట్టి ఇచ్చినవాడినా? చేతబట్టి సాటి మనిషిని గాయపరిచినవాడినా?

ఇది ప్లీడర్లు కోర్టులో తేల్చుకోవలసిన ధర్మసందేహం, మనకెందుకులే అని పక్కకు పెట్టడానికి వీల్లేదు. మనలాంటి సంసారుల ఇళ్ళల్లో ఎదిగే పిల్లల మానమర్యాదలకు, ఒక్కొక్కప్పుడు ప్రాణాలకు కూడా సంబంధించిన ప్రశ్న ఇది.

అంగడి ఎవరిది?

ముందుగా ఈ అంగడి ఎలాంటిదో చూద్దాం. ఆపిల్ కంపెనీవారు తమ యాప్‌ల అంగడిని 2008 జూలై 10న తెరిచారు. ఆనాడు అందులో ఉన్న సరుకు సుమారు 500 యాప్‌లు. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్ వారు తమ అంగడిని తెరిచి, 2012లో దానికి 'గూగుల్ ప్లే' అని కొత్త పేరు పెట్టారు. ఇప్పుడు ఆ రెండు చోట్లా సరుకు లక్షల్లో ఉంది.

ఇవి మన వారపు సంతల వంటివి కావు. సంతలో ఎవరైనా గోనెపట్టా పరిచి కూర్చోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. తయారుచేసినవాడు తన యాప్‌ను అంగడివారికి సమర్పించాలి. కొంత యంత్రాలూ, కొంత మనుషులూ దాన్ని పరిశీలిస్తారు. నియమావళికి సరిపోతేనే అరమీదికి ఎక్కిస్తారు. ఆపిల్ వారు ఈ నియమావళిని మొట్టమొదటిసారిగా 2010 సెప్టెంబరులో బయటపెట్టారు. సరుకు అమ్ముడైతే కమీషను కూడా ఉంటుంది. చాలా సంవత్సరాలు మామూలు రేటు నూటికి 30 వంతులు. చిన్న వ్యాపారులకు 2021 నుంచి దాన్ని 15కు తగ్గించారు.

అరమీదనుంచి దించేసే అధికారం కూడా అంగడివారిదే. తెరిచిన నెల తిరగకుండానే ఒక వింత జరిగింది. 'నేను ధనవంతుణ్ణి' అనే అర్థం వచ్చే పేరుతో ఒక యాప్ వచ్చింది. దాని వెల 999 డాలర్ల 99 సెంట్లు. అది చేసే పని తెరమీద ఒక ఎర్రని రత్నం మెరిపించడం. అంతే! ఎనిమిదిమంది కొన్నారు కూడా. ఒక్క రోజులో ఆపిల్ వారు దాన్ని తీసి పారేశారు. నవ్వుకోవలసిన కథే అయినా అందులో నీతి ఒకటుంది. అంగడివాడు తలుచుకుంటే ఒక యాప్ తెల్లవారేసరికి ప్రపంచమంతటా మాయమవుతుంది.

కత్తా, కరెంటా?

మా స్టాఫ్ రూములో ఒకనాడు ఈ విషయం మీద వాదం నడిచింది. మా కామర్సు లెక్చరరుగారు బల్ల గుద్ది అన్నారు:

"కత్తితో కూర తరుగుతారు, కుత్తుకా కోస్తారు. కుత్తుక కోసినందుకు కమ్మరిని జైల్లో పెడతారుటండీ? చేసినవాడి కర్మ చేసినవాడిది!"

మా ఫిజిక్సు మేడంగారు దిద్దుతున్న పేపర్లు పక్కకు పెట్టి నెమ్మదిగా జవాబిచ్చారు:

"అది కత్తి కాదండీ, కరెంటు. ముట్టుకున్నవాడిదే తప్పు అంటే సరిపోతుందా? ఫ్యూజు పెట్టాలి, ఎర్తింగు చెయ్యాలి, స్తంభం మీద ప్రమాదం బోర్డు తగిలించాలి. తీగ తెగిపడిందని కబురొస్తే ముందు సరఫరా ఆపాలి. ఇవన్నీ ఇచ్చేవాడి పనులే కదా!"

నాకు మేడంగారి మాటే సబబుగా తోచింది. కత్తి అమ్మిన కమ్మరికి ఆ తరువాత కత్తితో సంబంధం లేదు. అది ఎవరి వంటింట్లో ఉందో, ఎవరి మొలలో ఉందో అతనికి తెలియదు. యాప్ అలా కాదు. అది మన ఫోనులోకి వచ్చిన తరువాత కూడా చేసినవాడి చేతిలోనే ఒక కొస ఉంటుంది. రోజూ కబుర్లు వెడుతూ ఉంటాయి, వస్తూ ఉంటాయి. రాత్రికి రాత్రి దాని స్వభావాన్ని అతను మార్చగలడు. ఫిర్యాదు వస్తే చూడగలడు, అల్లరివాణ్ణి బయటికి పంపగలడు. ఇంత చెయ్యగలిగినవాడు కమ్మరితో సమానమని నేను ఒప్పుకోను.

వీడియో పెట్టె వ్యాజ్యం

అయితే కామర్సు లెక్చరరుగారి వాదంలో పస లేదనుకోకూడదు. అమెరికా సుప్రీంకోర్టు ఒకనాడు ఇంచుమించు అదే మాట చెప్పింది. టెలివిజనులో వచ్చే కార్యక్రమాన్ని టేపు మీదికి ఎక్కించే 'బీటామాక్స్' పెట్టెను సోనీ కంపెనీవారు 1975లో బజారులోకి తెచ్చారు. మా సినిమాలను జనం దొంగిలించడానికే ఈ పెట్టె అంటూ మరుసటి ఏడు యూనివర్సల్, డిస్నీ స్టూడియోలవారు దావా వేశారు. ఆ దావా ఏడేళ్ళకు పైగా సాగి 1984 జనవరి 17న తేలింది. ఆ పెట్టెకు న్యాయమైన ఉపయోగాలు చెప్పుకోదగినన్ని ఉన్నాయి గనుక, కొందరు దుర్వినియోగం చేసినంతమాత్రాన తయారుచేసినవాడు దోషి కాడని ఐదుగురు న్యాయమూర్తులు అన్నారు. నలుగురు కాదన్నారు. ఒక్క వోటు తేడాతో ఆ పెట్టె బతికిపోయింది.

ఇరవై యొక్క ఏళ్ళు గడిచాక, 2005లో అదే కోర్టు ముందుకు 'గ్రాక్‌స్టర్' వ్యాజ్యం వచ్చింది. పాటలూ సినిమాలూ ఒకరి కంప్యూటరునుంచి ఒకరు తీసుకునే సాధనం అది. ఈసారి తొమ్మండుగురు న్యాయమూర్తులూ ఏకకంఠంతో, దొంగతనానికి వాడుకోమని ప్రోత్సహిస్తూ సాధనాన్ని పంచిపెట్టినవాడు దొంగతనానికి బాధ్యుడేనని తీర్పు చెప్పారు.

ఈ రెండు తీర్పులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే సామాన్యుడికి అర్థమయ్యే సూత్రం ఒకటి దొరుకుతుంది. వస్తువు చెడ్డపనికి పనికిరావడం నేరం కాదు. చెడ్డపనికే పనికివస్తుందని తెలిసి చేతికివ్వడం నేరం. కాని ఈ రెంటికీ నడుమ పెద్ద మైదానం ఒకటుంది. మంచి ఉద్దేశంతో చేశాడు, చెడు జరుగుతున్నదని తరువాత తెలిసింది, అయినా ఊరుకున్నాడు. అతన్ని ఏమనాలి?

ఆకాశరామన్న ఉత్తరాలు

ఆ మైదానంలోకి వచ్చి నిలబడిన యాప్ 'సరాహా'. అరబ్బీ భాషలో ఆ మాటకు నిష్కపటత్వం, ఉన్నమాట చెప్పడం అని అర్థం. సౌదీ అరేబియాకు చెందిన జైన్ అల్ ఆబిదీన్ తౌఫీక్ అనే యువకుడు దాన్ని తయారుచేశాడు. అతని ఉద్దేశం మంచిదే. కచేరీలో గుమాస్తా తన పై అధికారికి మొహం మీద చెప్పలేని నిజాన్ని పేరు లేకుండా రాసి తెలియజేయాలన్నది అతని ఆలోచన.

2017 వేసవిలో అది యాప్ రూపంలో అంగళ్ళకు వచ్చింది. కొద్ది వారాల్లో ఎన్నో దేశాల్లో జనం ఎగబడి తీసుకున్నారు. ఆ ఆగస్టులో మన దేశంలోనూ ఆ గాలి వీచింది. మా కళాశాల సంగతే చెబుతాను. మా క్లాసులో ప్రతి కుర్రవాడూ, ప్రతి అమ్మాయీ 'నా గురించి మీ మనస్సులో మాట రాయండి' అని లింకు పంచుకున్నారు. మొదటి వారం పొగడ్తలు వచ్చాయి. రెండో వారానికి ఒక అమ్మాయి నల్లగా ఉందనీ, ఒక కుర్రవాడి తండ్రి ఫలానా పని చేస్తాడనీ, చెప్పరానివీ రాయరానివీ మొదలయ్యాయి. చక్కగా పద్యం చదివే ఒక పిల్ల పది రోజులు క్లాసుకు రాలేదు. తిరిగి వచ్చిన తరువాత కూడా, తనకు రాసినవాడు ఏ బల్లమీద కూర్చున్నాడో అని చుట్టూ చూస్తూ ఉండేది. పూర్వం ఆకాశరామన్న ఉత్తరం రాయాలంటే కార్డు కొనాలి, చేతిరాత మార్చాలి, పక్క ఊరికి వెళ్ళి డబ్బాలో వెయ్యాలి. ఆ శ్రమలోనే సగం మంది దుర్బుద్ధి చల్లారేది. ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు.

ఆస్ట్రేలియాలో ఒక తల్లి తన పదమూడేళ్ళ కూతురికి వచ్చిన రాతలు చూసి, ఈ యాప్‌ను తీసేయండని మహజరు పెట్టింది. దాని మీద నాలుగు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్, గూగుల్ రెండు అంగళ్ళవారూ సరాహాను దించేశారు.

ఇందులో దోషి ఎవరు? తౌఫీక్ ఎవరినీ తిట్టలేదు, తిట్టమనీ చెప్పలేదు. కాని పేరు చెప్పనక్కరలేకుండా ఎవరినైనా ఏమైనా అనగలిగే తలుపు ఒకటి తెరిచి, ఆ తలుపు దగ్గర తగినంత కాపలా పెట్టకపోతే లోపలికి వచ్చేది నిజం ఒక్కటే కాదని ఊహించడం పెద్ద కష్టం కాదు. ఆపిల్ వారి నియమావళిలో ఈ విషయమై నాలుగు షరతులున్నాయి. వాడుకునేవారు స్వయంగా రాతలు, బొమ్మలు పెట్టే యాప్ ఏదైనా సరే, చెడ్డ సరుకును వడగట్టే జల్లెడ ఉండాలి. అభ్యంతరకరమైనదాని మీద ఫిర్యాదు చేసే దారీ, దానికి సకాలంలో జవాబూ ఉండాలి. అల్లరివాణ్ణి దగ్గరికి రానివ్వకుండా అడ్డుకునే వీలుండాలి. తయారుచేసినవారిని పలకరించే చిరునామా ఉండాలి. మేడంగారు చెప్పిన ఫ్యూజూ, ఎర్తింగూ ఇవే. కాగితం మీద రాసిన ఈ నాలుగూ అరమీదికి ఎక్కించే ముందు నిజంగా చూశారా, లేక నాలుగు లక్షల సంతకాలు వచ్చిన తరువాత చూశారా అన్నదే అంగడివారిని మనం అడగవలసిన ప్రశ్న.

అయిదుగురికి మించి వద్దు

ఒక్కొక్కప్పుడు యాప్‌ను తీసేయనక్కరలేదు. పీట కొంచెం జరిపితే చాలు. 2018లో మన దేశంలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్ ద్వారా ఊరూరా పాకింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో అయిదుగురు బాటసారులను జనం కొట్టి చంపారు. అదే నెల 13న బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి, హైదరాబాదునుంచి వెళ్ళిన ఒక యువ ఇంజనీరు ప్రాణాలు పోయాయి.

కొట్టినవాళ్ళు హంతకులే. అందులో రెండో మాట లేదు. కాని ఒక వేలు కదలికతో ఒక అబద్ధం వంద గుంపులకు చేరే వీలు కల్పించినదెవరు? ఆ జూలైలోనే వాట్సాప్ వారు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టు వేశారు. 2019 జనవరిలో ఆ కట్టును ప్రపంచమంతటికీ విస్తరించారు. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చేతులు ఎన్నో మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క చోటికే పంపాలన్నారు. దానితో అలాంటి సందేశాలు నూటికి 70 వంతులు తగ్గాయని ఆ కంపెనీవారే ప్రకటించారు. చెయ్యగలిగిన పని అని దీనివల్ల రుజువైంది. కాకపోతే ప్రాణాలు పోయిన తరువాత చేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆ రోజుల్లోనే మన జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరిగారు వేరొక దారి తొక్కారు. కానిస్టేబుళ్ళను గ్రామాలకు పంపి, జానపద గాయకులచేత డప్పు మీద పాటలు పాడించి, ఫోనులో వచ్చిందల్లా నిజం కాదని ఊళ్ళకు చెప్పించారు. ఆమె చూసుకున్న 400కు పైగా గ్రామాల్లో పుకారుకు ఒక్క ప్రాణమూ బలికాలేదు. యంత్రానికి వెయ్యవలసిన కట్టు యంత్రానికి వెయ్యాలి. మనిషికి చెప్పవలసిన మాట మనిషికి చెప్పాలి.

అప్పులిచ్చే యాప్‌లు

ఇంతవరకు చెప్పినవి మంచికని చేసి చెడుకు వాడినవి. చెడుకనే చేసి మంచి ముసుగు తొడిగినవి ఇంకో రకం. 2022 వేసవిలో ఒక ఉదయం నా ఫోనుకు తెలియని నెంబరునుంచి ఒక బొమ్మ వచ్చింది. మా డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి ఫోటో అది. 'ఈ దొంగ మా డబ్బు ఎగవేశాడు, మీరు జామీను ఉన్నారు' అని కింద రాసి ఉంది. నేను ఎవరికీ జామీను లేను. ఆ కుర్రవాడి ఫోనులో 'తెలుగు మాస్టారు' అని నా నెంబరు ఉంది, అదీ నా నేరం!

ఆటో నడుపుకునే తండ్రికి తెలియకుండా, తల్లి మందుల కోసం ఆ కుర్రవాడు ఒక యాప్‌లో నాలుగువేలు అప్పు అడిగాడు. ఖర్చుల కింద కోసుకోగా చేతికి వచ్చినవి రెండువేల ఎనిమిదివందలు. ఏడో రోజుకు నాలుగువేలూ కట్టమన్నారు. యాప్ తెరిచేటప్పుడు 'మీ నెంబర్ల పట్టీ చూడవచ్చునా?' అని అడిగితే 'సరే' అని నొక్కాడు. ఆ ఒక్క నొక్కుతో అతని మేనమామ, అక్క అత్తగారు, స్నేహితులు, నేను - రెండువందల మంది వాళ్ళ గుప్పిట్లోకి వెళ్ళిపోయాం. రెండు రోజుల తరువాత అతని అక్కయ్య ఫోటోను అసహ్యంగా మార్చి పంపిస్తామని బెదిరించారు.

నేను కబురు పంపితే వచ్చాడు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. "మాస్టారూ, డబ్బు ఎలాగో కడతానండి. అక్కయ్య సంగతి బావగారికి తెలిస్తే నేను బతికి లాభం లేదండి" అన్నాడు. ఆ మాట విన్న తరువాత వాణ్ణి ఒంటరిగా ఇంటికి పంపడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇద్దరం కలిసి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాం. ఆయన ఆటో పక్కకు ఆపి అంతా విని, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "ఓరి పిచ్చి నాయనా, నాలుగువేలకా ఇంత?" అన్నాడు. అక్కడినుంచి ముగ్గురం పోలీసు స్టేషనుకు వెళ్ళాం. కొన్నాళ్ళకు బెదిరింపులు ఆగిపోయాయి. ఆ యాప్ కూడా అంగట్లోంచి మాయమైంది. పది రోజులకు అదే బొమ్మ, అదే రంగు, వేరే పేరుతో ఇంకోటి అదే అరమీద కనిపించింది.

ఆ తండ్రి వంటి తండ్రి దొరకని పిల్లలు కొందరు లేకపోలేదు. 2020 డిసెంబరులో తెలంగాణలో వరుసగా ఆత్మహత్యలు జరిగి, హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఈ అప్పుల ముఠాలను పట్టుకున్నప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. రిజర్వు బ్యాంకివారు 2021 జనవరిలో ఒక బృందాన్ని నియమించారు. 80కి పైగా యాప్ అంగళ్ళు గాలించగా, అప్పులిచ్చే యాప్‌లు సుమారు 1,100 కనిపించాయనీ, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవనీ ఆ బృందం చెప్పింది. అంటే సగానికి పైగా!

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకి నిబంధనలు వచ్చాయి. అప్పిచ్చే యాప్ మన నెంబర్ల పట్టీ, ఫోటోలు, మాట్లాడిన లెక్కలు ముట్టుకోకూడదన్నారు. 2023 మే 31నుంచి గూగుల్ వారు కూడా తమ అంగట్లో అదే నియమం పెట్టారు. 2022 సెప్టెంబరుకూ 2023 ఆగస్టుకూ మధ్య గూగుల్ వారు 2,200కు పైగా అప్పుల యాప్‌లను తొలగించారని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఈ అంకె చూసి సంతోషించాలో, అన్ని యాప్‌లు అసలు లోపలికి ఎలా వచ్చాయని విచారించాలో పాఠకులే నిర్ణయించుకోవాలి.

చట్టం చెప్పేదేమిటి?

మన చట్టం కూడా ఈ ప్రశ్న ముందు తడబడుతూనే నడక నేర్చుకున్నది. 2004లో బాజీ డాట్ కామ్ అనే వేలంపాటల సైటులో ఎవరో ఒక అసభ్యమైన దృశ్యాన్ని అమ్మకానికి పెడితే, ఆ సంస్థ అధిపతినే అరెస్టు చేశారు. పెట్టినవాడు ఒకడు, పట్టుబడినవాడు ఒకడా అని గగ్గోలు పుట్టింది. ఐ.టి. చట్టాన్ని 2008లో సవరించారు. 2009 అక్టోబరులో ఆ సవరణ అమలులోకి వచ్చింది. అందులోని 79వ సెక్షను ప్రకారం, ఇతరులు పెట్టిన సరుకుకు నడిమి సంస్థ తగిన జాగ్రత్త తీసుకున్నంతవరకూ బాధ్యత వహించనక్కరలేదు. చెడు సంగతి తెలిసిన తరువాత తొలగించకపోతే మాత్రం ఆ రక్షణ పోతుంది.

'తెలియడం' అంటే ఏమిటి? దారినపోయే దానయ్య ఎవరు ఫిర్యాదు చేసినా తొలగించవలసిందేనా? 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ చిక్కు విప్పింది. కోర్టు ఉత్తరువో, ప్రభుత్వ ప్రకటనో వస్తేనే తెలిసినట్టు లెక్క అన్నది. వాక్స్వాతంత్ర్యానికి అది రక్ష. కాని అర్ధరాత్రి బొమ్మ వచ్చిన ఆడపిల్ల కోర్టు ఉత్తరువు కోసం ఎన్నాళ్ళు ఆగుతుంది? అందుకని 2021 నియమాల్లో, సిగ్గుమాలిన బొమ్మల విషయంలో బాధితులే ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని మొదట గడువు రాశారు. ఫిర్యాదులు వినే అధికారి ఒకరు విధిగా ఉండాలన్నారు.

అంగడివాడికి అధికారం ఎక్కువైతే

ఇదంతా విని, చెడ్డ యాప్‌లన్నీ తీసిపారేస్తే సరి గదా అనేవారున్నారు. అక్కడే జాగ్రత్త కావాలి. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మధ్యంతర ఉత్తరువు మీద టిక్‌టాక్‌ను రెండు అంగళ్ళవారూ దించేశారు. మూడు వారాలు తిరగకుండా అదే నెల 24న కోర్టు నిషేధం ఎత్తివేసింది. ఆ యాప్‌ను 2020 జూన్‌లో దేశభద్రత కారణాలతో ప్రభుత్వం నిషేధించడం వేరే కథ. 2019 అక్టోబరులో హాంకాంగులో ఆందోళనలు జరుగుతున్నప్పుడు, ఏ వీధిలో పోలీసులున్నారో చూపించే ఒక పటం యాప్‌ను ఆపిల్ వారు తొలగించారు. పోలీసుల మీద దాడికి వాడుతున్నారన్నది వారు చెప్పిన కారణం. బాష్పవాయువు ఉన్న వీధిని తప్పుకోవడానికి వాడుతున్నామని జనం మొరపెట్టుకున్నారు. ఒకే పటం, రెండు ఉపయోగాలు! న్యాయం చెప్పినది ఏ కోర్టూ కాదు, అంగడివాడు.

2021 జనవరి 6న అమెరికా కాపిటల్ భవనం మీద దాడి జరిగిన తరువాత 'పార్లర్' అనే యాప్‌ను గూగుల్, ఆపిల్ వారు ఒక్కరోజు తేడాతో తొలగించారు. హింసను రెచ్చగొట్టే రాతలను అదుపు చెయ్యలేదన్నది ఆరోపణ. అదుపు చేసే ఏర్పాట్లు మెరుగుపరచుకున్న మీదట ఆపిల్ వారు అదే ఏడాది, గూగుల్ వారు 2022లో దాన్ని తిరిగి రానిచ్చారు. ఇది నాకు కొంత నచ్చిన పద్ధతి. ఫలానా లోపం ఉంది, దిద్దుకో, దిద్దుకుంటే తలుపు తెరుస్తామని చెప్పడంలో న్యాయం ఉంది. కారణం చెప్పకుండా వెలివేయడంలో గాని, కారణం తెలిసీ కమీషను కోసం కళ్ళు మూసుకోవడంలో గాని న్యాయం లేదు.

ద్రోణుడి సంశయం

నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి గనుక, నా మనస్సు చివరకు భారతం వైపే పోతుంది. తిక్కన సోమయాజి మనకు తెలుగు చేసి ఇచ్చిన సౌప్తికపర్వంలో అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. ఆ అస్త్రం అతనికి ఎలా వచ్చింది? అర్జునుడికి ద్రోణుడు సంతోషంతో నేర్పాడు. అది చూసి కొడుకు నాకూ కావాలని పట్టుబట్టాడు. కొడుకు నిలకడలేనివాడని తండ్రికి తెలుసు. తెలిసి, మనస్సు ఒప్పకపోయినా నేర్పి, మనుష్యుల మీద ఎన్నడూ ప్రయోగించవద్దని మాత్రం హెచ్చరించాడు. తీరా సమయం వచ్చేసరికి ఆ హెచ్చరిక గాలికి పోయింది. వ్యాసనారదులు అడ్డునిలిచి ఉపసంహరించమంటే అర్జునుడు ఉపసంహరించాడు. అశ్వత్థామకు ఆ శక్తి లేదు. అస్త్రం వెళ్ళి ఉత్తర గర్భం మీద పడింది.

శాపం అనుభవించినవాడు అశ్వత్థామే. అది న్యాయమే. దుర్వినియోగం చేసినవాడే మొదటి ముద్దాయి. కాని ద్రోణుడికి ముందే తెలుసు అన్న మాటను కూడా భారతం దాచలేదు. మన ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నాకు తోస్తుంది. ఎవరికి ఎంత తెలుసో వారికి అంత బాధ్యత. వెనక్కు తీసుకునే శక్తి ఎవరికి ఎంత ఉందో వారికి అంత బాధ్యత. 'దుర్వినియోగం చెయ్యరాదు' అని షరతుల కాగితంలో ఒక పంక్తి రాసుకుని చేతులు కడుక్కునే తయారీదారు ద్రోణుడి కంటే ఎక్కువ ఏమీ చెయ్యలేదు. ఉపసంహారం నేర్పకుండా అస్త్రాన్ని చేతికివ్వడమే అది.

ఇక ఇళ్ళల్లో మనం చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ యాప్ అయినా నెంబర్ల పట్టీ, ఫోటోలు చూస్తానంటే దాని పనికి అవి ఎందుకని ఒక్క క్షణం ఆలోచించాలి. అప్పిచ్చే యాప్ అయితే, 2025 జూలైనుంచి రిజర్వు బ్యాంకివారు ప్రకటిస్తున్న పట్టికలో దాని పేరు ఉందో లేదో చూసుకోవాలి. చెడ్డది కనిపిస్తే అంగట్లోనే ఫిర్యాదు గుర్తు నొక్కాలి; మనం ఒక్కరం నొక్కితే ఏమవుతుందని ఊరుకోకూడదు. బెదిరింపులు వస్తే వాటిని చెరిపేయకుండా సాక్ష్యంగా దాచి, 1930 నెంబరుకు గాని పోలీసు స్టేషనుకు గాని చెప్పాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటుంది. ఈ ముఠాల చేతిలో ఉన్న అసలు ఆయుధం యాప్ కాదు, మన పిల్లల సిగ్గు. ఇంట్లో చెబితే తిడతారన్న భయం మీదనే వాళ్ళ వ్యాపారమంతా నడుస్తుంది. తప్పు చేసి వచ్చిన పిల్లవాడు ముందుగా అమ్మానాన్నల దగ్గరికే రాగలిగిన ఇంట్లో ఆ వ్యాపారం సాగదు. అంగడివారిని నిలదీద్దాం, తయారుచేసినవారిని నిలదీద్దాం. ఈలోగా మన ఇంటి తలుపు మాత్రం మన పిల్లలకు తెరిచే ఉంచుదాం.